ఆ మ్యాపు మీరు వేయవచ్చా? వేస్తే ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: కెనడాలో జీఐఎస్ (కంప్యూటర్‌తో మ్యాపులు చేసే విద్య) చదువుతున్న తెలుగు విద్యార్థిని నేను. హత్యకు గురైన, కనిపించకుండా పోయిన మూలవాసీ మహిళల వివరాలు పత్రికల నుంచి సేకరించి, కోర్సు ప్రాజెక్టుగా ఒక వెబ్ మ్యాపు చేద్దామనుకున్నాను. ప్రొఫెసర్ సరే అన్నారు. తరగతిలో ఫస్ట్ నేషన్స్ (కెనడా మూలవాసీ జాతులు) కు చెందిన ఒక అమ్మాయి మాత్రం "ఎవరిని అడిగి చేస్తున్నావు?" అంది. పత్రికల్లో వచ్చిన సమాచారానికి కూడా అనుమతి కావాలా? అసలు ఇలాంటి మ్యాపుల వల్ల ఎక్కడైనా ఏమైనా జరిగిందా? మన ఏజెన్సీలో ఇలాంటిది చేయవచ్చా?

సమాధానం:

ఆ అమ్మాయి మీ మంచితనాన్ని శంకించలేదు, మీ పద్ధతిని అడిగింది. ఆమె అడగడానికి కారణం ఉంది. మూలవాసులకు కేటాయించిన నేలల, అంటే రిజర్వుల, హద్దులు గీసింది పటాల మీదే. పిల్లలను ఇళ్ల నుంచి తీసుకుపోయి రెసిడెన్షియల్ బడుల్లో వేసింది జాబితాలు పెట్టుకునే. బయటివాళ్లు తమ గురించి లెక్క రాసుకున్న ప్రతిసారీ ఏం పోగొట్టుకున్నారో వాళ్ల ఇళ్లలో కథలు కథలుగా చెబుతారు. మీరు ల్యాప్‌టాప్ తెరిచే సరికి ఆ చరిత్రంతా గదిలో ఉంటుంది.

నా సంగతి ఒక్క మాటలో చెప్పి అసలు విషయానికి వస్తాను. మన్యం ఊళ్లలో మహిళా సంఘాలతో ఊరి మ్యాపులు గీయించే పని చాలా ఏళ్లు చేశాను. కెనడా, అమెరికా మహిళల అనుభవం ఈ పనిలో ఉన్నవాళ్లందరం శ్రద్ధగా చదివినదే. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు అందులోనే ఉంది.

బ్రిటిష్ కొలంబియాలో ప్రిన్స్ జార్జ్ నుంచి ప్రిన్స్ రూపర్ట్ వరకు సుమారు 720 కిలోమీటర్ల మేర 16వ నంబరు హైవే సాగుతుంది. అక్కడివాళ్లు దాన్ని కన్నీళ్ల హైవే అంటారు. దారి పొడవునా ఫస్ట్ నేషన్స్ ఊళ్లు, వాటి మధ్య అడవి. ఆస్పత్రి, కాలేజీ, దుకాణాలు అన్నీ పట్టణాల్లోనే. కారు లేని ఆడపిల్ల పట్టణానికి వెళ్లాలంటే రోడ్డు పక్కన నిలబడి, వచ్చే బండిని చెయ్యెత్తి ఆపాల్సి వచ్చేది. దశాబ్దాల పాటు అలా వెళ్లిన వాళ్లలో కొందరు తిరిగి రాలేదు.

కెనడా జాతీయ పోలీసు దళం ఆర్‌సీఎంపీ 2005లో ఈ కేసుల కోసం 'ఈ-పానా' అనే బృందాన్ని వేసింది. 1969 నుంచి 2006 మధ్య 18 మంది, అందులో 13 హత్యలు, 5 అదృశ్యాలు అని లెక్క తేల్చింది. కుటుంబాలు మాత్రం నలభై పైమాటే అంటాయి. రెండు లెక్కల మధ్య ఇంత తేడా ఎందుకు? పోలీసుల జాబితాలోకి రావాలంటే ఆ మహిళ దారిన పోయే బండ్లు ఎక్కడం లాంటి ప్రమాదకర పరిస్థితిలో ఉండి ఉండాలి. చివరిసారి కనిపించిన చోటు గానీ, మృతదేహం దొరికిన చోటు గానీ 16, 97, 5 నంబర్ల హైవేలకు దాదాపు ఒక మైలు లోపు ఉండాలి. మీరు జీఐఎస్ విద్యార్థి కాబట్టి వేరే చెప్పనక్కర లేదు, అది బఫర్, అంటే ఒక గీత చుట్టూ ఇంత దూరమని గీసే పట్టీ. రోజూ క్లాసులో ఒక్క క్లిక్కుతో గీసేస్తాం. ఆ గీత అవతల మైళ్ల దూరంలో దొరికిన కూతురు ఆ లెక్కలోకి రాదు. ఇంట్లోనే చనిపోయిన కూతురూ రాదు. బఫర్ ఎంత పెట్టాలన్నది సాంకేతిక నిర్ణయమని ఎవరైనా అంటే ఈ హైవేను చూపించండి.

2006లో ప్రిన్స్ జార్జ్‌లో కుటుంబాలు, ఫస్ట్ నేషన్స్ పెద్దలు, సంఘాలు కలిసి కూర్చున్నారు. ఆ సమావేశం నుంచి 33 సిఫార్సులు వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి చదివితే మ్యాపును మాటల్లో రాసినట్టు ఉంటాయి. ఊరికీ ఊరికీ మధ్య బస్సు లేదు, వేయండి. దారిలో ఫోను పలకదు, ఏర్పాటు చేయండి. ఊళ్ల మధ్య ఆ బస్సులు ఎప్పుడు వచ్చాయనుకుంటున్నారు? 2017లో. అంటే పదకొండేళ్లు పట్టింది. ఆ మరుసటి ఏడాదే గ్రేహౌండ్ అనే దూరప్రయాణ బస్సుల సంస్థ ఆ దారిలో తన బస్సులు ఆపేసింది, ప్రభుత్వం వేరే సర్వీసు పెట్టాల్సి వచ్చింది. సిగ్నల్ లేని 252 కిలోమీటర్లలో టవర్లు వేస్తామన్న ప్రకటన 2021లో వచ్చింది. కాబట్టి మీ మ్యాపు సెమిస్టర్ చివర్లో లోకాన్ని మారుస్తుందని ఆశ పెట్టుకోకండి. అయితే పదకొండేళ్ల తరువాతైనా బస్సు కదిలిందంటే, కుటుంబాలు అడిగింది అంత స్పష్టంగా ఉండటం వల్ల. "మా ఆడపిల్లలను కాపాడండి" అని ఊరుకోకుండా, ఎక్కడి నుంచి ఎక్కడికి బస్సు కావాలో చెప్పారు.

అదే హైవే మీద పెద్ద హోర్డింగు కూడా వెలిసింది. ఆడపిల్లలూ, ఈ దారిలో తెలియని బండ్లు ఎక్కకండి అని. ఊళ్లకు బస్సు లేని దారిలో పెట్టిన ఈ సలహా చూసి నాకు ఎప్పుడూ ఒళ్లు మండుతుంది. సమస్య ఒకటే, చోటూ ఒకటే. ఒకరు ఆ చోటు చూపించి ప్రభుత్వాన్ని అడిగారు, మరొకరు అదే చోటు చూపించి పిల్లను బెదిరించారు. ఎర్ర చుక్కలు గుప్పించిన మ్యాపు కూడా ఎక్కువసార్లు ఆ హోర్డింగు పనే చేస్తుంది. చూసినవాళ్లు "ఆ చోటు మంచిది కాదు, అటు వెళ్లకూడదు" అనుకుని పేజీ మూసేస్తారు.

ఇక లెక్కల విషయం. కెనడాలో మూలవాసీ మహిళల జాతీయ సంఘం 2005 నుంచి 2010 దాకా కుటుంబాల సాయంతో వివరాలు సేకరించి 582 కేసుల జాబితా తయారుచేసింది. తరువాత నిధులు ఆగిపోయాయి. సంఘం అతిశయోక్తి చేస్తోందేమో అన్న అనుమానం అప్పట్లో చాలామందికి ఉండేది. 2014లో ఆర్‌సీఎంపీ తానే లెక్క తీస్తే 1980 నుంచి 2012 వరకు 1,181 అని తేలింది. అందులో 1,017 హత్యలు. సంఘం చెప్పినదానికి రెట్టింపు! 2016లో వేసిన జాతీయ విచారణ సంఘం 2019 జూన్‌లో 231 డిమాండ్లతో నివేదిక ఇచ్చింది.

అమెరికాలో కథ ఇంకాస్త విచిత్రం. షయాన్ వంశానికి చెందిన అనీటా లుకేసి అనే కార్టోగ్రాఫర్, నమ్మదగిన జాబితా ఎక్కడా లేదని 2015లో తానే ఒకటి మొదలుపెట్టారు. 2018లో ఆమె, అబిగైల్ ఎకో-హాక్ కలిసి సియాటిల్‌లోని అర్బన్ ఇండియన్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ తరఫున 71 నగరాల పరిశీలన వెలువరించారు. పోలీసు శాఖలకు సమాచార హక్కు దరఖాస్తులు పెట్టారు. కొన్ని జవాబే ఇవ్వలేదు, కొన్ని డబ్బు అడిగాయి. సియాటిల్ పాత రికార్డుల్లో జాతి గడిలో 'ఎన్' అనే అక్షరం ఒకప్పుడు నల్లజాతివారికి గుర్తుగా వాడారు, అదే అక్షరంతో నేటివ్ (అక్కడి మూలవాసీ) మహిళల వివరాలూ కలగాపులగమైపోయాయి. ఒక్క అక్షరం! ఎంట్రీ చేసిన గుమాస్తాకు అది పెద్ద విషయంగా తోచి ఉండదు.

చివరికి వాళ్లకు దొరికినవి 506 కేసులు. వాటిలో 153 పోలీసుల రికార్డుల్లోనే లేవు. ఆ 153 కుటుంబాల నుంచి, సంఘాల నుంచి, వార్తల నుంచి వచ్చాయి. 2016లో తప్పిపోయిన నేటివ్ మహిళలు, బాలికల గురించి 5,712 ఫిర్యాదులు నమోదైతే, న్యాయశాఖ నడిపే డేటాబేసులో కనిపించినవి 116. నా దృష్టిలో ఆ నివేదికలో అన్నిటికంటే విలువైనది ఈ తేడాలే. ఎక్కడ హింస జరిగిందన్నది ఎలాగూ కుటుంబాలకు తెలుసు. ఏ పోలీసు శాఖ రాయలేదో, ఏది దాచిందో, ఏది పట్టించుకోలేదో నగరాల వారీగా బయటపెట్టడం కొత్త విషయం. రెండేళ్ల తరువాత, 2020 అక్టోబరులో, నేటివ్ మహిళల కేసుల నమోదుకు మార్గదర్శకాలు కోరే సవానాస్ యాక్ట్ అక్కడ చట్టమైంది. అది ఈ ఒక్క నివేదిక ఘనత అనను. ఏళ్ల తరబడి కుటుంబాలు చేసిన పోరాటం అది. కానీ చర్చల్లో చేతికి అందిన అంకెలు ఇవే.

లుకేసి చెప్పే మరో పద్ధతి మీ ప్రాజెక్టుకు సూటిగా వర్తిస్తుంది. మీ పట్టికలో 'స్థలం' అనే గడి ఉంటుంది కదా. ఒక కేసు తీసుకోండి. ఆమె పుట్టింది ఒక రిజర్వులో. చిన్నప్పుడే శిశు సంక్షేమ శాఖ తీసుకుపోయి వేరే ఊళ్లో పెంపకానికి ఇచ్చింది. పనికి నగరం వెళ్లింది. చివరిసారి కనిపించింది బస్టాండులో. దేహం దొరికింది పక్క జిల్లా నది ఒడ్డున. తల్లి ఫిర్యాదు ఇచ్చింది వేరే స్టేషనులో. ఇందులో ఏది మీ చుక్క? నది ఒడ్డున పెడితే హంతకుడు ఎంచుకున్న చోటు చూపిస్తున్నారు. స్టేషను దగ్గర పెడితే ఫిర్యాదు ఎక్కడ నిలిచిపోయిందో చూపిస్తున్నారు. పుట్టిన ఊరి నుంచి గీత గీసుకుంటూ వస్తే, ఏ శాఖ ఆమెను ఎక్కడి నుంచి ఎక్కడికి తోసిందో కనిపిస్తుంది. లుకేసి ఆ మూడోది చేస్తారు, అంటే చావును కాక బతుకు నడిచిన దారిని మ్యాపు చేయడం. అది పత్రికల క్లిప్పింగులతో అయ్యే పని కాదు. కుటుంబం కూర్చుని చెబితేనే అవుతుంది.

అనుమతి సంగతి ఇక్కడ వస్తుంది. పత్రికలో వచ్చింది కదా అంటారు. పత్రికలో వచ్చిన ఫొటో చాలాసార్లు పోలీసులు ఎప్పుడో తీసిన అరెస్టు ఫొటో. ఆ తల్లి దాన్ని మళ్లీ చూడాలనుకోదు. పత్రిక రాసిన కథనంలో నేరస్తుడి కంటే ఆమె తాగుడు గురించే ఎక్కువ ఉండవచ్చు. కేసు ఇంకా నడుస్తుండవచ్చు, నిందితుడు అదే వీధిలో తిరుగుతుండవచ్చు. కొన్ని సమాజాల్లో పోయినవాళ్ల పేరు పలకడానికి పట్టింపులు ఉంటాయి. ఇవేవీ మీకు వార్త చదివితే తెలియవు. 1998 నుంచి కెనడా ఫస్ట్ నేషన్స్ వాళ్లు తమ సమాచారం విషయంలో నాలుగు హక్కులు ఓకాప్ పేరుతో అడుగుతున్నారు. అది మా సొత్తు, దాని మీద అదుపు మాది, చూసే వీలు మాకు ఉండాలి, దాచుకునే చోటూ మాదే కావాలి. మీ మ్యాపును ఈ నాలుగిటితో సరిచూడండి. సర్వరు ఎవరిది? మీరు డిగ్రీ అయిపోయి వెళ్లిపోయాక పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుంది? ఒక చెల్లెలు వచ్చి "మా అక్క పేరు తీసేయండి" అంటే ఎవరు తీస్తారు?

హద్దుల గురించి ఒక మాట. అమెరికా రిజర్వేషన్లలో (మూలవాసీ తెగలకు కేటాయించిన నేలల్లో) ఎవరి హద్దు ఎక్కడిదో మ్యాపులో చూపించకపోతే ఏమీ చూపించనట్టే. 1978లో ఓలిఫంట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, నేరం చేసిన నేటివ్ కాని వ్యక్తిని విచారించే అధికారం తెగ కోర్టులకు లేదని తేల్చింది. రిజర్వేషన్‌లోకి వచ్చి అఘాయిత్యం చేసిన బయటివాడిని తెగ పోలీసులు పట్టుకున్నా తెగ కోర్టు శిక్షించలేదు. 2013లో గృహహింస వరకు, 2022లో మరికొన్ని నేరాలకు ఆ అధికారం కొంత తిరిగి వచ్చింది. నార్త్ డకోటా చమురు క్షేత్రాల దగ్గర వేలాది మగ కూలీలతో క్యాంపులు వెలిసినప్పుడు ఈ చట్టం సందు ఎంత ప్రమాదమో అక్కడి ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషన్ మహిళలు చవిచూశారు.

ఇప్పుడు మన ఏజెన్సీ. చేయవచ్చు. కానీ కెనడా మ్యాపు నమూనాను ఉన్నది ఉన్నట్టు దించితే ఇక్కడ జైలుకు కూడా వెళ్లవచ్చు, అదీ న్యాయంగానే. లైంగిక నేరాల బాధితురాలిని గుర్తుపట్టేలా ఏ వివరం ప్రచురించినా భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష ఉంది. పాత ఐపీసీలో ఇదే 228ఏ. పేరు ఒక్కటే కాదు, పేరు తెలిసిపోయే ఏ సంగతైనా. బాధితురాలు చనిపోయినా, బంధువులు ఒప్పుకున్నా, సెషన్స్ జడ్జి అనుమతి లేకుండా వెల్లడించకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ముప్పై గడపల గూడెం మీద మీరు చుక్క పెడితే పేరు రాసినట్టే. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది కోందు మహిళలు, కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెబుతూ ఆ మహిళలకు పరిహారం ఇవ్వమని కూడా ఆదేశించింది. పదహారేళ్ల ఆ పోరాటంలో ఊరి పేరే వాళ్ల ఇంటిపేరైపోయింది.

చుక్కను కాస్త పక్కకు జరిపితే సరిపోతుందని మీ పుస్తకాల్లో ఉంటుంది. నగరంలో సరిపోతుందేమో. మన్యంలో రెండు కిలోమీటర్లు జరిపితే అది వేరే గూడెం మీద పడి అక్కడి ఆడవాళ్ల మీద గుసగుసలు మొదలవుతాయి. మండలం స్థాయికి పైనే చూపించండి. మండలంలో కేసులు మరీ తక్కువగా ఉంటే డివిజన్ స్థాయిలో కలపండి.

సమాచారం దొరకడం ఇక్కడ మరీ కష్టం. 2019 నుంచి 2021 వరకు దేశంలో 13 లక్షల పైగా మహిళలు, బాలికలు తప్పిపోయినట్టు పార్లమెంటుకు ప్రభుత్వమే చెప్పింది. జాతీయ నేర గణాంక సంస్థ పట్టికల్లో తప్పిపోయినవాళ్ల వయసు, లింగం ఉంటాయి. ఆదివాసీలు ఎందరో ఉండదు. పత్రికల జిల్లా పేజీలు చూద్దామా అంటే, అక్కడ అనుమానాస్పద మరణాలన్నిటికీ ఒకే వాక్యం సిద్ధంగా ఉంటుంది: కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య. మన జిల్లాల్లో ఇంతమంది కోడళ్లకు ఒక్కసారిగా ప్రాణాంతకమైన కడుపునొప్పి ఎలా వస్తుందో ఏ విలేకరీ అడగడు. పైగా విలేకరి ఉన్న మండలంలో చుక్కలు ఎక్కువ పడతాయి, లేని మండలం తెల్లగా ఉంటుంది. ఆ తెలుపును చూసి ఎవరూ ప్రశాంతత అనుకోకూడదు.

అందుకే ఇక్కడ నేను కంప్యూటర్‌తో మొదలుపెట్టను. ఒక గూడెంలో చింతచెట్టు కింద ఆడవాళ్లు ముగ్గుపిండితో ఊరు గీశారు. వాగుకు నీలం రంగు, ఇళ్లకు చింతగింజలు. చీకటి పడ్డాక ఎటు పోవడానికి భయమో అక్కడ బొగ్గు ముక్క పెట్టమన్నాను. నేను వాగు దారి అనుకున్నాను, వాళ్లు పెట్టలేదు. సంత నుంచి వచ్చే దారిలో సారా అమ్మే చోట ఒకటి, హాస్టల్ వెనక ఒకటి, ఒక ఇంటి గింజ మీదే ఒకటి పెట్టారు. ఆ ఇల్లు ఎవరిదని నేను అడగలేదు. ఇంతలో ఊరి పెద్దమనిషి ఒకాయన అటుగా వస్తూ కనిపిస్తే, ఒక ముసలావిడ బొగ్గులన్నీ చేత్తో ఊడ్చి కొంగున వేసుకుంది. ఆయన వచ్చి చూసేసరికి ఇళ్లూ వాగూ మాత్రమే ఉన్నాయి. "బాగుందమ్మా ముగ్గు" అని వెళ్లిపోయాడు. వాళ్లు ఎవరికి ఎంత చూపించాలో వాళ్లే నిర్ణయించుకున్న మ్యాపు అది. ఫొటో తీయలేదు. తరువాత వాళ్లు అర్జీలో రాయించినది హాస్టల్ వెనక గోడ, దీపం. అంతే. మిగతా రెండూ వాళ్ల దగ్గరే ఉండిపోయాయి.

మీ ప్రాజెక్టు విషయం తేల్చేద్దాం. గడువు దగ్గర పడింది కాబట్టి, మహిళల మీద చుక్కలు పెట్టే పని ఈ సెమిస్టర్‌లో మానుకోండి. బాధ్యత ఉన్నవాళ్ల మీద పెట్టండి. 16వ నంబరు హైవేనే తీసుకోండి. ప్రతి ఫస్ట్ నేషన్స్ ఊరి నుంచి దగ్గరి ఆస్పత్రికి బస్సు వారంలో ఎన్ని రోజులు ఉంది, చివరి బస్సు ఎన్ని గంటలకు, ఆ తరువాత వెళ్లాల్సిన మనిషి ఏం చేయాలి? టవర్ల హామీ ఇచ్చిన చోట నిజంగా సిగ్నల్ వస్తోందా? మహిళలకు రాత్రి ఆశ్రయం ఇచ్చే చోటు ఎంత దూరం? ఏ కిలోమీటరు రాయి దగ్గర ఏ పోలీసు పరిధి మారుతుంది? ఇవన్నీ బస్సు టైమ్‌టేబుళ్లు, ప్రభుత్వ సమాచారం, మీరు తిరిగి చూసుకోగలిగిన విషయాలు. ఏ తల్లి గాయమూ రేగదు. 2006 నాటి 33 సిఫార్సుల పక్కన మీ మ్యాపు పొరలు పెడితే ఏది నెరవేరిందో ఏది లేదో ఎవరికైనా కనిపిస్తుంది.

కుటుంబాలతో కలిసి చేయాలన్న కోరిక మిగిలి ఉంటే, మీ నగరంలోని ఫ్రెండ్‌షిప్ సెంటర్‌కు (నగరాల్లోని మూలవాసుల సేవా కేంద్రానికి) వెళ్లి ముందు ఏదైనా పనికి సాయం చేయండి. మ్యాపు ఊసు వాళ్లు ఎత్తేదాకా ఎత్తకండి. వాళ్లకు ఏ జీఐఎస్ పని కావాలో వాళ్లే చెబుతారు, అది మీరు ఊహించినదై ఉండకపోవచ్చు. మీ యూనివర్సిటీ పాటించే కెనడా పరిశోధన నీతి నియమాల్లో (టీసీపీఎస్ 2) మూలవాసీ సమాజాల గురించి 9వ అధ్యాయం ఉంది, ప్రొఫెసర్‌తో కలిసి చదవండి. ఆయన అంత తొందరగా సరే అనడం నాకు నచ్చలేదు. ఇక మీ తరగతి అమ్మాయిని ఇవన్నీ నేర్పమని విసిగించకండి. ఆమె కూడా మీలాగే ఫీజు కట్టి చదువుకోవడానికి వచ్చింది. బస్సుల మ్యాపు అయ్యాక చూపించండి, ఆమె చూస్తానంటే.